వేడి దిగలేదు

తాన్ దహౌ మంచం ఎక్కడమంటే అదో తతంగం. ముందు రెండు అరచేతులూ పరుపు మీద ఆనించేవాడు. తరువాత కుడి మోకాలు పైకి లాక్కునేవాడు. ఎడమ కాలి వంతు వచ్చేసరికి మాత్రం "ఓరి నాయనో, నా నడుం పాడుగాను!" అని తన నడుమును తానే తిట్టుకుంటూ పైకప్పు అదిరేలా ఒక కేక పెట్టేవాడు. ఆ కేక వినగానే పక్క మంచాల మీద బోర్లా పడుకుని సెగ పెట్టించుకుంటున్న ఆడవాళ్ళు దిండ్లలో ముఖాలు దాచుకుని నవ్వేవారు.

"నవ్వండమ్మా, నవ్వండి. పండక్కి మీరు ఎముకల చారులో వేసుకునే ప్రతి తామర దుంప వెనకా ఇలాంటి కేక ఒకటుంది," అన్నాడు తాన్, ముఖం పరుపులో పెట్టేసి.

రుయ్‌జెన్ అతని చొక్కా పైకి జరిపి, నడుము మీద అల్లం చెక్కలు పేర్చింది. పొద్దున్నే సూదితో చిల్లులు పొడిచి ఉంచిన చెక్కలవి. వాటి మీద చిటికెడు చిటికెడు మాచిపత్రి దూదిని వేళ్ళతో నొక్కి నిలబెట్టి, ఒక్కొక్క దానికీ నిప్పు అంటించింది. ఆకును ఎండబెట్టి, దంచి, జల్లించి, మళ్ళీ దంచితే వచ్చే దూది అది. చీజౌ ఊళ్ళో ఏ వీధిలోకి వెళ్ళినా ఆ దంపుడు చప్పుడూ ఆ వాసనే. గోడలూ, దుప్పట్లూ, రుయ్‌జెన్ జుట్టూ అన్నీ ఆ వాసనే కొట్టేవి. ఆమె భర్త బతికున్నప్పుడు, నువ్వు ఇంట్లోకి రాకముందే నీ కొప్పు వస్తుందే అని వేళాకోళం చేసేవాడు.

తాన్‌కి వెన్ను కింది భాగంలో డిస్కు జారింది. అది నరాన్ని నొక్కుతోందనీ, కోసి తీసెయ్యాలనీ జిల్లా ఆసుపత్రిలో చెప్పారు. కత్తి మాట వినగానే అతను స్కాను ఫోటో చంకన పెట్టుకుని తిన్నగా పాంగ్ గురువుగారి సెగశాలకి వచ్చేశాడు. ఇరవై చలికాలాలు తొడలదాకా బురదలో నిలబడి తామర దుంపలు పెకలించిన మనిషి. కొత్త సంవత్సరం పండగ ముందు నెల రోజులే ఆ పనికి గిరాకీ. ఈ చలిలో మడుగులోకి దిగలేకపోతే మేస్త్రీ ఇంకొకడిని దింపుతాడు. ఒకసారి దిగినవాడు ఆ చోటు మరి వదలడు.

"పండక్కి ముందే నన్ను బురదలో దింపు డాక్టరమ్మా. నీ పేరు చెప్పుకుని మొదటి దుంప నీకే తెస్తా," అనేవాడు.

"నేను డాక్టర్ని కాదన్నా, సెగ పెట్టేదాన్ని," అనేది రుయ్‌జెన్.

"సెగ పెట్టేవాళ్ళందరూ డాక్టర్లు కాకపోతే మా ఆవిడ ఏమవ్వాలి? పెళ్ళైనప్పటి నుంచీ పెడుతోంది."

నడుము మీద పని అయ్యాక వెన్ను చివర, తుంటి ఎముకల నడుమ పెట్టే సెగ మిగిలింది. అక్కడ అల్లం చెక్క నిలవదు. బొటనవేలంత లావున్న మాచిపత్రి చుట్టను వెలిగించి చేత్తో పట్టుకోవాలి. రెండో చేతి చూపుడు వేలూ నడిమి వేలూ విడదీసి, రోగి చర్మం మీద సెగ తగిలే చోటికి అటూ ఇటూ ఆనించాలి. వేడి ఎంతుందో రోగి కంటే ముందు ఆ వేళ్ళు చెప్పాలి. పాంగ్ గురువుగారు ఎవరికైనా నేర్పే మొదటి పాఠం అదే.

రుయ్‌జెన్ చుట్టను కిందికి దించింది. కాసేపటికి ఆమె వేళ్ళు చురుక్కుమన్నాయి. తాన్ నోరు విప్పలేదు. మొన్నటిదాకా ఇదే చోట, చుట్ట ఇంకా జానెడు దూరంలో ఉండగానే గగ్గోలు పెట్టిన మనిషి.

"ఎలా ఉందన్నా?"

"వెలిగించావా, ఊరికే వాసన చూపిస్తున్నావా?"

పక్క మంచం ఆవిడ పకపకా నవ్వింది. రుయ్‌జెన్ ఇంకాస్త దించింది. వేళ్ళు మండిపోతున్నాయి. ఆమెకి ఎందుకో మనసు ఒప్పలేదు. గురువుగారిని పిలిచింది.

పాంగ్ గురువుగారు మందపాటి గుడ్డతెర పక్కకి తొలగించి లోపలి గదిలోంచి వచ్చాడు. డెబ్బై దాటినా నిటారుగా నడుస్తాడు. ఆయన కుడి చేతి రెండు వేళ్ళు ఎండిన రేగుపండు రంగులో, చివర్లు నున్నగా గట్టిపడి ఉంటాయి. నలభై ఏళ్ళుగా నిప్పుకీ రోగికీ మధ్య నిలిచిన వేళ్ళు. శిష్యురాలిగా చేరిన రోజున రుయ్‌జెన్ అందరిలాగే వంగి ఆ రెండు వేళ్ళనూ నుదుటికి ఆనించుకుంది. ఊళ్ళో వాళ్ళు పాంగ్ వేళ్ళు అంటారే గాని పాంగ్ శాల అనరు.

ఆయన, ముఖం పక్కకి తిప్పి పడుకున్న తాన్ తల వైపు వచ్చి నిలబడ్డాడు. చెయ్యి చాపి వేళ్ళు ఆనించాడు. చాలాసేపు కదలలేదు.

"వేడి దిగలేదు," అన్నాడు. "ఇరవై ఏళ్ళ బురద చలి. గడ్డకట్టి కూర్చుని సెగని లోపలికి దిగనివ్వట్లేదు. ఇంకా దగ్గరగా పట్టు."

"నా వేళ్ళు కాలుతున్నాయి గురువుగారూ."

"అయితే నీ వేళ్ళు తీసెయ్. నావి ఉన్నాయిగా."

రుయ్‌జెన్ తన వేళ్ళు తీసేసింది. ఆ మాట ఎంత సులువుగా విన్నదో తరువాత తలుచుకుంటే ఆమెకే సిగ్గేసేది. అప్పుడు మాత్రం హాయిగానే అనిపించింది. చుట్ట దించింది. చర్మం ఎర్రబడింది. ఆ ఎరుపు మధ్యలో తెల్లగా, ముత్యమంత బొబ్బ ఒకటి లేచింది.

"అదిగో!" అన్నాడు పాంగ్. "లోపలిది బయటికి వస్తోంది."

బొబ్బ లేవడం సెగశాలలో శుభం. ఆడవాళ్ళు మంచాల మీదే మెడలు తిప్పి చూశారు. "అదృష్టవంతుడివి తాన్, నాకు రెండు చలికాలాలు పట్టింది," అందొకావిడ. తాన్ ముఖం ఎత్తి, ఏదో పందెం గెలిచినవాడిలా చూశాడు. అతను బొబ్బని చూడలేదు, అది లేచిన సంగతే ఎరగడు. వాళ్ళు చెబితే తెలిసింది.

మర్నాడు పొద్దున సన్నగా మంచు పడుతోంది. రుయ్‌జెన్ ఇసుక గిన్నెల్లో బూడిద ఏరుతోంది. ఆర్పిన చుట్టలు తలకిందులుగా గుచ్చే గిన్నెలవి. వీధి గుమ్మం గుడ్డతెర ఒక్కసారిగా ఎగిరింది.

"తగ్గింది!"

తాన్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వంగిపోయి రాలేదు. నిటారుగా ఉన్నాడు. అతని వెనక భార్య లాన్‌శీ కళ్ళు తుడుచుకుంటోంది.

"నొప్పి లేదు డాక్టరమ్మా! చుక్క లేదు. పొద్దున లేచాను, ఎక్కడికి పోయిందా అని వెతుక్కున్నా. నడుంలో లేదు, తుంటిలో లేదు, కాల్లో లేదు. ఇంటికి వచ్చిన చుట్టం చెప్పాపెట్టకుండా పోయినట్టు పోయింది!"

సెగశాల అంతా గొల్లున నవ్వింది. లోపలి నుంచి గురువుగారు వచ్చి తాన్ భుజం తట్టాడు. మంచాల మీదున్న వాళ్ళు లేచి కూర్చున్నారు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. తాన్ ఆ మధ్యలో అటూ ఇటూ నడిచి చూపించాడు. ఎడమ పాదం నేలకి రాసుకుంటూ చప్పుడు చేసింది.

"ఆ కాలేమిటి?" అంది రుయ్‌జెన్.

"ఇన్నాళ్ళు పని లేక బద్ధకం పట్టింది. బురద చూపిస్తే అదే దారికొస్తుంది."

అప్పుడు లాన్‌శీ కిందికి చూసి, "అయ్యో, చెప్పు ఏదయ్యా?" అంది.

తాన్ కూడా చూసుకున్నాడు. కుడి పాదానికి దూది చెప్పు ఉంది. ఎడమ పాదానికి లేదు. తడిసిన మేజోడు గడ్డకట్టి పాదానికి అంటుకుపోయింది. చెప్పు ఎక్కడ జారిపోయిందో, ఆ మంచులో ఎంత దూరం నడిచాడో! లాన్‌శీ వెనక్కి పరిగెత్తి వీధి మలుపు దగ్గర పడున్న చెప్పు తెచ్చింది.

"మనిషికి సంతోషం ఎక్కువైతే కాళ్ళు నేలమీద ఆనవు. ఇక చెప్పు ఉంటే ఏం, లేకపోతే ఏం!" అన్నాడు తాన్. అందరూ కడుపులు పట్టుకుని నవ్వారు. రుయ్‌జెన్ కూడా నవ్వింది. నవ్వుతూనే ఆ పాదాన్ని వేడినీళ్ళ గుడ్డతో తుడిచింది. పాదం మంచుగడ్డలా ఉంది. గుడ్డ తన చేతులకే కాలింది. తాన్ మాత్రం గురువుగారితో ముచ్చట్లాడుతూనే ఉన్నాడు.

రోగం నయమైనవాళ్ళు గోడకి కట్టించే ఎర్ర మఖమల్ పట్టం కుట్టించి తెస్తామని లాన్‌శీ గురువుగారికి రెండు చేతులూ జోడించి చెప్పింది. వద్దమ్మా వద్దమ్మా అంటూనే గురువుగారు దాన్ని ఎక్కడ కట్టాలో గోడవైపు చూశాడు.

రెండు రోజులకి పట్టం వచ్చింది. పసుపు దారంతో అక్షరాలు కుట్టారు. 'వసంతాన్ని తిరిగి తెచ్చిన చేయి' అని. గుమ్మంలో టపాకాయల సరం వేలాడదీశారు. వీధిలోని మాచిపత్రి దుకాణాల వాళ్ళు చేతులు జేబుల్లో పెట్టుకుని వచ్చి నిలబడ్డారు. తాన్ కొత్త కోటు వేసుకొచ్చాడు.

అతను పట్టం పట్టుకుని ఫోటోకి నిలబడేముందు బొబ్బ మీద కట్టు మార్చాలని రుయ్‌జెన్ అతన్ని లోపలి మంచం మీద పడుకోబెట్టింది. కట్టు విప్పింది. ముత్యమంత బొబ్బ కాదది. చర్మం పోయి అరచేతి వెడల్పున పచ్చి పుండు పడింది. దూదికి స్పిరిట్ అద్దుతూ, "మండుతుందన్నా, పళ్ళు బిగపట్టు," అని హెచ్చరించి అద్దింది.

"...అప్పుడు మేస్త్రీ అంటాడూ, నువ్వు దుంపలు తవ్వుతున్నావా, నీ పెళ్ళాం గాజులు వెతుకుతున్నావా అని!" తాన్ కథ చెబుతూనే ఉన్నాడు.

రుయ్‌జెన్ మళ్ళీ అద్దింది, ఈసారి గట్టిగా.

"నేనేమన్నానంటే..."

"అన్నా, నేను ఏం చేస్తున్నానో చెప్పు."

"ఏం చేస్తున్నావు? నా కథ వింటున్నావు."

ఆమె గోటితో పుండు పక్కన గిల్లింది. తుంటి మీద గిల్లింది. తొడ లోపలి వైపు గిల్లింది. అతను నవ్వుతూ వెనక్కి తిరిగి, "ఇంకా మొదలెట్టలేదా?" అన్నాడు.

లాన్‌శీ పక్కనే నిలబడి ఉంది. ఆమె ముఖంలో నవ్వు ఎప్పుడో ఆరిపోయింది. రుయ్‌జెన్ చెవి దగ్గరికి వంగి చాలా చిన్న గొంతుతో అంది, "చెప్పొద్దన్నాడు అక్కా. మొన్నటి నుంచీ పక్క తడిసిపోతోంది. ఒంటేలుకి వెళ్తే రాదు. నిలబడి నిలబడి వస్తాడు. తనకి తెలియకుండానే పోతోంది. వయసు మీద పడిందిలే, ఎవరితోనూ అనకు అని ఒట్టు పెట్టించుకున్నాడు."

చురుక్కుమన్న తన వేళ్ళు, మంచులో మిగిలిపోయిన చెప్పు, ఆ రోజు తాను నవ్విన నవ్వు అన్నీ ఒక్కసారి రుయ్‌జెన్ మీద పడ్డాయి. నొప్పి తగ్గలేదు. నొప్పిని చెప్పే నరమే లోపల చచ్చిపోతోంది. తామంతా కలిసి దానికి పట్టం కుట్టించారు.

ఆమె గుమ్మంలోకి వచ్చింది. "టపాకాయలు ఆపండి. ఈయన్ని ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి."

గురువుగారు ముందు వినపడనట్టు చూశాడు. రుయ్‌జెన్ విషయం చెప్పింది. ఆయన అంతమంది ముందు మెల్లగా, అందరికీ వినిపించేలా అన్నాడు.

"చుట్ట దగ్గరగా పట్టి పుండు చేశావు. అది చూసి బెదిరిపోయి అందర్నీ బెదరగొడుతున్నావు. పదకొండేళ్ళయినా నీ చెయ్యి కుదురుకోలేదు రుయ్‌జెన్."

దుకాణాల వాళ్ళు ఆమె చేతుల వైపు చూశారు. దగ్గరగా పట్టింది నిజమే. పట్టమన్నదెవరో ఆ మంచాల మీదున్న వాళ్ళకి తెలుసు. ఒక్కరూ పెదవి విప్పలేదు.

"నొప్పి లేని మనిషిని ఆసుపత్రికి తోలుకుపోతారా ఎవరైనా?" తాన్ కోటు గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. "మళ్ళీ కత్తి దగ్గరికా? నేను రాను డాక్టరమ్మా. రేపు మడుగులో దిగాలి నేను."

"నడు," అంది లాన్‌శీ.

"నువ్వు కూడానా?"

"నడవమన్నానా!" ఆమె పట్టాన్ని అతని చేతిలోంచి లాక్కుని కుర్చీలో పడేసింది. పెళ్ళైనప్పటి నుంచీ మొగుడి మీద గొంతెత్తి ఎరగని మనిషి. తాన్ నోరు తెరుచుకుని ఆమె వెనకే నడిచాడు. మాచిపత్రి మూటలు దించుతున్న వ్యాను ఒకటి వీధిలో ఉంటే ముగ్గురూ ఎక్కారు. వెనక ఎవరో తొందరపడి సరం అంటించారు. వ్యాను మలుపు తిరిగేదాకా టపాకాయలు మోగుతూనే ఉన్నాయి.

జిల్లా ఆసుపత్రిలో కుర్ర డాక్టరు సూది మొనతో తాన్ కాళ్ళ మీద, తుంటి మీద పొడుస్తూ పోయాడు. ప్రతి పోటుకీ "ఇక్కడ?" అన్నాడు. ప్రతిసారీ తాన్ "ఊఁ?" అన్నాడు. కాసేపటికి ఆ "ఊఁ" కూడా అనడం మానేసి భార్య ముఖంలోకి చూశాడు. అతని ముఖంలో మొదటిసారిగా భయం కనిపించింది.

"ఎప్పుడు తగ్గింది నొప్పి?" అన్నాడు డాక్టరు.

లాన్‌శీ చెప్పింది.

"ఆ రోజే రావాల్సింది," అన్నాడతను. గబగబా ఎవరికో ఫోన్ చేసి ఆపరేషన్ గది అడిగాడు. వెళ్ళబోతూ పుండు చూసి ఆగాడు. "ఇది ఎవరు కాల్చారు?"

"నేను," అంది రుయ్‌జెన్.

లాన్‌శీ ఆమె వైపు తిరిగింది. కొడుతుందనుకుంది రుయ్‌జెన్. కొట్టినా బాగుండేది. లాన్‌శీ తాన్ కోటును ఒళ్ళో పెట్టుకుని బల్ల మీద కూలబడి, అందులోంచి అతని దూది చెప్పు తీసి ఎడమ కాలిదో కుడి కాలిదో చూసుకుంటూ కూర్చుంది.

ఆపరేషన్ అయింది. కాలి వేళ్ళు కొంచెం కదిలాయి. ఒంటేలుకు గొట్టం పెట్టారు. అది ఎప్పుడు తీస్తారో, అసలు తీస్తారో లేదో ఎవరూ చెప్పలేదు. నడుస్తాడన్నారు గాని పాదం ఈడ్చుకుంటూనే అన్నారు. బురదలో దిగే మాట మాత్రం ఇక లేదు. రుయ్‌జెన్ చూడటానికి వెళితే తాన్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. పుండు మండుతోందా అని అడిగింది. లేదన్నాడు.

"మండాలని మొక్కుకో డాక్టరమ్మా," అన్నాడు కాసేపటికి. వేళాకోళం లేదు ఆ గొంతులో.

మర్నాడు ఆమె సెగశాలకి వెళ్ళింది. మానేద్దామనే వెళ్ళింది. పట్టం గోడకి కట్టి ఉంది. దాని కిందే ఒక ముసలావిడ బోర్లా పడుకుని ఉంది. కొత్త రోగి. గురువుగారు ఎడమ చేత్తో చుట్ట పట్టుకుని, కుడి చేతి వేళ్ళు ఆవిడ నడుము మీద ఆనించి నిలబడ్డాడు. రుయ్‌జెన్‌ని చూసి, ఏమీ జరగనట్టే, "అల్లం కొయ్యలేదు ఇంకా," అన్నాడు.

ఆమె కోటు విప్పలేదు. మాటలు కూడదీసుకుంటోంది.

"ఏదో కాలుతోందే," అంది ముసలావిడ ముక్కు ఎగబీల్చి. "దుప్పటి చూడండి బాబూ."

రుయ్‌జెన్ దుప్పటి దులిపింది. పరుపు చూసింది. మాచిపత్రి వాసన కాదది. అప్పుడు గురువుగారి చేతివైపు చూసింది. చుట్ట కొసనున్న నిప్పు పెళ్ళ తెగి ఆయన చూపుడు వేలి మీద పడి ఉంది. ఎర్రగా, ఊపిరి తీస్తున్నట్టు రాజుకుంటోంది. వేలి చర్మం నల్లబడి సన్నగా పొగ లేస్తోంది. గురువుగారు ముసలావిడ ముఖంలోకి చూస్తూ, "వేడి తెలుస్తోందా అమ్మా?" అని అడుగుతున్నాడు.

రుయ్‌జెన్ చేత్తో ఆ పెళ్ళను ఎగరగొట్టింది. ఆయన ఉలిక్కిపడి ఆమెను చూశాడు. తరువాత తన వేలు చూసుకున్నాడు.

రుయ్‌జెన్ ముసలావిడను లేపి, వేడినీళ్ళు తాగించి పంపించింది. గుడ్డతెర పడ్డాక అడిగింది.

"ఎప్పటి నుంచి గురువుగారూ?"

"ఏమో," అన్నాడాయన. స్టూలు మీద కూర్చుని ఆ రెండు వేళ్ళనూ మోకాలి మీద పెట్టుకున్నాడు. "స్పర్శ పోయిన రోజు తెలియడానికి అది నొప్పా? మెల్లగా పోయి ఉంటుంది." అంతలోనే గొంతు పెంచాడు. "అయినా నా చెయ్యి తప్పలేదు. ఇన్నేళ్ళలో ఎవరినైనా కాల్చానా? చుట్ట తీసుకో. చూపిస్తాను. నీ వేళ్ళు పెట్టు, పక్కన నావి పెడతాను. వేడి ఎప్పుడు దిగిందో నేను చెబుతాను."

ఆమె చుట్ట వెలిగించింది. తన రెండు వేళ్ళు బల్ల మీద ఆనించింది. వాటి పక్కన ఆయన వేళ్ళు ఆనాయి. చుట్టను కిందికి దించుతూ ఆమె తలెత్తింది.

గురువుగారు నిప్పువైపు చూడటం లేదు. వేళ్ళవైపూ చూడటం లేదు. ఆమె ముఖంలోకి చూస్తున్నాడు. కళ్ళు, కనుబొమలు, పెదవులు, దవడ అన్నింటినీ ఆత్రంగా, ఒక్కొక్కటిగా చూపుతో తడుముతున్నాడు. అప్పుడు ఆమెకి అర్థమైంది. ఇన్నాళ్ళూ ఆ వేళ్ళు రోగి వీపు మీద ఉన్నాయి, చూపు రోగి ముఖం మీద ఉంది. నుదురు చిట్లిస్తే వేడి దిగింది. చిట్లించకపోతే దిగలేదు. ఆయన తాన్ తల వైపు వచ్చి నిలబడింది అందుకే. కాలినా తెలియని ఆ బురద మనిషి నుదురు ఎలా చిట్లిస్తాడు?

రుయ్‌జెన్ చుట్టను ఇంకా దించింది. వేళ్ళ మీద చర్మం భగ్గుమంది. ఆమె కళ్ళార్పలేదు. పెదవి కదల్చలేదు. కడుపులోంచి తన్నుకొస్తున్న కేకను గొంతులోనే పట్టి ఉంచి, ఆయన కళ్ళలోకి మామూలుగా చూస్తూ నిలబడింది.

పాంగ్ గురువుగారు చాలాసేపు చూశాడు. తరువాత నలభై ఏళ్ళ నమ్మకంతో తల ఊపాడు.

"వేడి దిగలేదు," అన్నాడు. "ఇంకా దగ్గరగా పట్టు."

రుయ్‌జెన్ చుట్ట పక్కకి తీసి, తన వేళ్ళు ఎత్తి ఆయన ముఖం ముందు పెట్టింది. రెండు వేళ్ళ మీదా తెల్లటి బొబ్బలు పొంగుతున్నాయి.

"దిగింది గురువుగారూ," అంది.

ఆయన ఆ బొబ్బల్ని చూశాడు. చెయ్యి చాపి వాటిని ముట్టుకున్నాడు. ముట్టుకోగానే ఆమె "అబ్బా!" అని అరిచింది. ఆయన చెయ్యి చటుక్కున వెనక్కి వెళ్ళిపోయింది. అప్పుడు స్టూలు మీద నుంచి లేచి, ఆమె చేతిలోని చుట్ట తీసుకుని ఇసుక గిన్నె దగ్గరికి నడిచి, నిప్పు కొసను ఇసుకలోకి గుచ్చాడు. పొగ ఆగిపోయేదాకా దాన్ని అలాగే నొక్కిపట్టి నిలబడ్డాడు.